చాటలో బీడీలు, ఫారంలో గృహిణి

ఏటా ఆగస్టు 29న మా కాలేజీలో గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసేవాళ్లం. వాడుక భాష గొప్పదనం మీద ఇద్దరు ముగ్గురు మాట్లాడేవారు, పిల్లలు పద్యాలు చదివేవారు, టీతో సభ ముగిసేది. నేను అక్కడ సోషియాలజీ చెప్పిన ముప్పై ఏళ్లలో, ఆయన సవర భాష ఎలా నేర్చుకున్నారో ఆ వేదిక మీద ఒక్కరు చెప్పగా వినలేదు. చెప్పవలసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తప్పులో నా వంతు నాకుంది.

పర్లాకిమిడిలో ఆయన చరిత్ర చెప్పే బడిపంతులు. కొండల్లో ఉండే సవరల మాట చెవినపడి, అది నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మొదలుపెట్టారు. తర్వాత కొండలెక్కారు. చలిజ్వరాలు పట్టుకున్నాయి, మింగిన క్వినైను వినికిడిని తినేసింది. అయినా వాళ్ల పాటలు, కథలు, మాటలు రాసుకోవడం మానలేదు. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1863లో పుట్టిన మనిషి. తన బతుకులో సగానికి పైగా తనది కాని ఒక జాతి మాట కోసం వెచ్చించారు. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగును మనం గుర్తుపెట్టుకున్నాం. నోట్‌బుక్కు చేతబట్టుకుని కొండవాళ్ల ముందు శిష్యుడిలా కూర్చున్న గిడుగును వదిలేశాం. ఆ రెండో గిడుగు లేకపోతే మొదటి గిడుగు లేడని నా నమ్మకం. మనుషులు నిజంగా ఎలా మాట్లాడుకుంటారో అంత శ్రద్ధగా విన్నవాడికే గ్రంథాల భాష కృతకంగా తోస్తుంది.

నా మొర ఆ రెండో గిడుగు పని గురించి. ఒక ప్రశ్న పట్టుకోవడం, మనుషుల దగ్గరికి వెళ్లడం, అడగడం, విన్నది విన్నట్టు రాసుకోవడం, ఇతరులు అంతకుముందు రాసినవి చదివి సరిచూసుకోవడం, చివరికి నలుగురికీ అర్థమయ్యేలా పేపరు మీద పెట్టడం. ఇది వడ్రంగంలాగా, నేతలాగా చేతికి అబ్బవలసిన పని. పక్కన కూర్చుని చూస్తూ, చేసి చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకోవలసిన పని. మన రాష్ట్రాల్లో దీన్ని నేర్పడం దాదాపు మానేశాం. మానేశామన్న బాధ కూడా ఎవరిలోనూ కనిపించదు. ఇంజనీరింగు పిల్లవాడికి వర్క్‌షాపు లేకపోతే తల్లిదండ్రులు ధర్నా చేస్తారు. బీఏ పిల్లకు ఊళ్లోకి తీసుకెళ్లి ప్రశ్న అడగడం నేర్పకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆర్ట్స్ గ్రూపే కదా, గైడు కొనుక్కుని చదివితే సరిపోతుంది అంటారు.

మా నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు లేని ఊరు తక్కువ. ఒక ఏడాది సెకండియర్ అమ్మాయి ఒకతె తన ఊళ్లో నలభై ఇళ్లు తిరిగి ఫారాలు నింపి తెచ్చింది. వృత్తి అని రాసి ఉన్న గడిలో ఆడవాళ్లందరికీ ఇంచుమించు ఒకటే మాట: గృహిణి.

"నువ్వు పోయినప్పుడు ఈమె ఏం చేస్తోందమ్మా?" అని ఒక ఫారం చూపించి అడిగాను.

"బీడీలు చేస్తున్నది సార్."

"మరి గృహిణి అని రాశావేం?"

"ఏం పని చేస్తవమ్మా అని అడిగిన సార్. నేనేం పని జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట అన్నది."

ఆ తల్లి అబద్ధం చెప్పలేదు, నా విద్యార్థి విన్నదే రాసింది. ఒడిలో చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు, వేళ్ల మధ్య దారం. వెయ్యికింత అని కూలి. ఆ కూలితో ఇంట్లో ఉప్పూ పప్పూ వస్తాయి, పిల్లల ఫీజులు కడతారు. అయినా "పని" అన్న మాటకు ఆమె మనసులో ఉన్న అర్థం గడప దాటి వెళ్లి చేసేది. ఇంట్లో కూర్చుని చేసేది పనే కాదని ఆమెకు అందరూ కలిసి నేర్పారు. మేం అడిగిన ప్రశ్న ఆ పాఠాన్నే మరోసారి ఆమె నోట చెప్పించింది.

వారం రోజులు క్లాసులో ఆ ఒక్క ప్రశ్న మీదే కూర్చున్నాం. చివరికి పిల్లలే మార్చారు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పండుకునేదాకా ఏమేం చేసినవమ్మా?" అని అడగాలన్నారు. అదే అమ్మాయి అదే ఇంటికి మళ్లీ వెళ్లింది. ఏ పనీ చెయ్యనన్న మనిషి జవాబు చెప్పడానికి ముప్పావుగంట పట్టింది. ఫారంలో జాగా చాలక అమ్మాయి వెనకవైపు కూడా రాసింది. నీళ్లు పట్టడం, వంట, ఆకు తడపడం, కత్తిరించడం, అత్తకు స్నానం, మధ్యాహ్నం దాకా బీడీలు, కట్టలు కట్టి ఇచ్చిరావడం, మళ్లీ వంట, మళ్లీ బీడీలు. చెబుతూ చెబుతూ ఆమె ఒకచోట ఆగి, "ఇంత జేస్తున్ననా బిడ్డా" అన్నదట. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తర్వాత చాలా ఏళ్లకు, 2019లో, కేంద్ర గణాంక శాఖ దేశమంతటా మొదటిసారి కాలవినియోగ సర్వే చేసింది. తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా మనిషి ఏమేం చేశాడో అడిగి రాసుకున్నారు. ఆ వార్త పేపర్లో చూసినప్పుడు నాకు గర్వంతోపాటు దుఃఖమూ కలిగింది. ఒక పల్లెటూరి డిగ్రీ పిల్ల తన తెలివితో అదే దారి పట్టింది. ఆ తెలివిని పెంచి పోషించే ఏర్పాటు మాత్రం మనం చేయలేదు. ఆ అమ్మాయి పై చదువు బీఎడ్‌తో ఆగింది. మంచిదే, టీచరయింది. కానీ ఆమెను పరిశోధకురాలు కాగలిగిన మనిషిగా చూసినవాళ్లు ఆ కాలేజీలో గాని, ఆ ఇంట్లో గాని లేరు.

ప్రశ్న ఒక్కటే కాదు, ఎవరిని అడిగామన్నదీ విద్యే. పగలు పదకొండింటికి ఊళ్లోకి వెళితే కూలికి పోయినవాళ్లు ఇంట్లో ఉండరు. ఉన్నవాళ్లను అడిగి "గ్రామస్థుల అభిప్రాయం" అని రాస్తాం. బస్సు దిగినచోట మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా తిరుగుతాం, ఊరి చివర వాడ దాకా పోము. పోయినా మంచినీళ్లు తాగం. మంచినీళ్లు తాగనివాడికి ఎవరు మనసు విప్పుతారు? ఇవన్నీ ఒక పెద్దమనిషి పక్కన నడుస్తూ నేర్చుకోవలసినవి. మెథడాలజీ పుస్తకంలో "నమూనా రకాలు" అని ఏడెనిమిది ఉంటాయి. పిల్లలు వాటిని వరసగా అప్పజెబుతారు. ఆ ఏడెనిమిదిలో తమ ఊరికి ఏది పనికొస్తుందో అడిగితే మొహాలు చూసుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారని విన్నప్పుడు ఎంతో సంతోషించాను. ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి నివేదిక రాయాలన్న ఆలోచన బంగారంలాంటిది. కానీ ఎలా అడగాలో, ఎలా రాయాలో ముందు నేర్పకుండా నివేదిక తెమ్మంటే పిల్లవాడు ఎక్కడికి వెళతాడు? కాలేజీ గేటు ఎదుటి జిరాక్సు షాపుకు. అక్కడ నివేదికలు తయారుగా ఉంటాయి. ఊరి పేరు మార్చి బైండింగు చేయించుకోవడమే. ఇది మా వైపూ కొత్త కాదు. నా బల్ల మీదికి వచ్చిన ఒక నివేదికలో మూడు పేజీల తర్వాత మరో జిల్లా ఊరి పేరు అలాగే ఉండిపోయింది. ఆ కుర్రవాణ్ని తిట్టబోయి ఆగిపోయాను. వాడికి నేనేం నేర్పానని?

పిల్లలు తామే ఊరు తిరిగి రాసిన నివేదికల్ని దిద్దినప్పుడూ బాధ వేసేది. పదిహేను మందిని అడుగుతారు, పదకొండు మంది ఔనంటారు. "73.33 శాతం మంది" అని రాస్తారు. పదకొండు మంది అని రాస్తే పరిశోధనలా కనపడదని వాళ్ల భయం. ఆ భయం ఎవరు పెట్టారు? అంకెల్లో దశాంశాలుంటేనే మార్కులు వేసిన మేమే. మిగతా నలుగురు కాదన్నారు కదా, ఎందుకు కాదన్నారో అడిగావా అంటే, అడగలేదంటారు. అసలు విషయం చాలాసార్లు ఆ నలుగురి దగ్గరే ఉంటుంది.

ఇక రాత. మన తెలుగు సిద్ధాంత గ్రంథాలు తెరవండి. "సమాచారం సేకరించడమైనది", "విశ్లేషించడమైనది", "పరిశీలించడమైనది". ఎవరు సేకరించారు? ఎక్కడ కూర్చుని, ఏ భాషలో అడిగారు? వాళ్లేమన్నారు? ఆ "డమైనది" వెనక మనిషి మాయమవుతాడు. పేరు చూస్తే "గల్ఫ్ వలసల ప్రభావం: ఒక అధ్యయనం". అది విషయమే గాని ప్రశ్న కాదు. భర్త దుబాయిలో ఉన్న ఇంట్లో పొలం కౌలుకివ్వాలంటే ఎవరి మాట చెల్లుతుంది అంటే అది ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతే అత్త, ఫోను, పట్టా పుస్తకం, మరిది అన్నీ వస్తాయి. సాంఘిక స్తరీకరణ నిర్వచనం నా పిల్లలు తడుముకోకుండా రాసేవారు. తమ ఊరి టీకొట్టులో ఎవరి గ్లాసు ఎక్కడ పెడతారో రాయమంటే, "అది కూడా రాయొచ్చా సార్?" అని అడిగేవారు. రాయొచ్చని వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నాకూ ఎవరూ చెప్పలేదు. ఎంఫిల్ చేసే రోజుల్లో నేను రాసిన నూట ఇరవై పేజీలూ మా గైడుగారి దగ్గర నాలుగు నెలలున్నాయి. తిరిగి వచ్చినప్పుడు ఒక్క పేజీలో ఒక్క గీత లేదు. చివర సంతకం ఉంది. అప్పుడు పొంగిపోయాను. అది నాకు జరిగిన నష్టమని తెలియడానికి పదేళ్లు పట్టింది. ఒక వారపత్రికకు బీడీ కార్మికుల మీద వ్యాసం పంపితే, ఆ సంపాదకుడు మూడుసార్లు తిప్పి పంపారు. అంచుల నిండా పెన్సిలు రాతలు. "ఇది మీరు చూశారా, చదివారా?", "ఈ వాక్యంలో ఎవరు ఎవరిని కొట్టారు?", "ఇక్కడ ఆమె మాటే పెట్టండి, మీ మాట వద్దు." యూనివర్సిటీలో ఏళ్ల తరబడి దొరకని చదువు ఆ మూడు కవర్లలో దొరికింది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ అలాంటి పెన్సిలు ఒకటి దక్కాలని నేను అడుగుతున్నాను.

ఆ ఎంఫిల్ కూడా ఇప్పుడు లేదు. 2022 నవంబరులో యూజీసీ తెచ్చిన నిబంధనలతో ఎత్తేశారు. దానిలో లోపాలు నాకు తెలుసు. కానీ చిన్న ప్రశ్నతో చిన్న పుస్తకం రాసి, తప్పులు చేసి నేర్చుకునే మెట్టు అదే. ఇప్పుడు ఎంఏ నుంచి నేరుగా పీహెచ్‌డీకి. మధ్యలో కోర్సువర్కు పేరుతో కనీసం పన్నెండు క్రెడిట్లు, అందులో మెథడాలజీ ఒకటి, పరిశోధన నీతి ఒకటి. కాపీ పట్టే నిబంధనలు 2018లోనే వచ్చాయి. పది శాతం లోపు పోలిక ఉంటే ఫరవాలేదట. పిల్లలు ఆ పది శాతం ఎలా తప్పించుకోవాలో నేర్చుకుంటున్నారు. ఇంకొకరి ఆలోచన తీసుకున్నప్పుడు వారి పేరు చెప్పడం మర్యాద అనీ, అలా చెబితే మన మాటకే బలమనీ నేర్చుకోవడం లేదు. సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి వాళ్లు పదిరోజుల శిబిరాలు నడుపుతారు. మంచి శిబిరాలే, కానీ ఈత పది రోజుల్లో ఒడ్డున కూర్చుని నేర్చుకునేది కాదు.

మనకు పూర్వీకులు లేరా అంటే, ఉన్నారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు మాటతో జవాబిచ్చి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. మాట తప్పని రుజువు చేయాలంటే ఏం పోగుచేయాలో ఆయనకు తెలుసు. ఆయనే కావ్యాలలోంచి తిండి, బట్ట, ఆట, సంత ఏరి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1949లో వచ్చిన ఆ పుస్తకానికే తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి. రాజుల చుట్టూ తిరగకుండా చరిత్ర రాయొచ్చని తెలుగులో, తెలుగువాళ్లకు చూపించిన పుస్తకం అది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం ఎంతమంది చూశారు? వ్యవసాయ పదాలతో 1962లో ఒక సంపుటం, చేనేత పదాలతో 1971లో మరొకటి. జిల్లాలన్నిటికీ మనుషులను పంపి, ఒకే పనిముట్టును ఏ ఊళ్లో ఏమంటారో రైతునడిగి, సాలెనడిగి రాయించారు. ఎవరిని అడగాలి, ఏ వరసలో అడగాలి, విన్న ధ్వనిని ఎలా రాయాలి అన్నది ముందే స్థిరపరచి చేసిన పని అది. ఆ కోశంలో ఉన్న మాటల్లో ఎన్నో ఈనాడు పొలాల్లో వినపడవు. ఆనాడు ఎవరో ఒక కుర్రవాడు పద్ధతిగా అడిగి రాసుకున్నందువల్లే మిగిలాయి.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్ని టేపుల్లో పట్టి, వాళ్ల మాటగానే పుస్తకం చేశారు. అంతకుముందు ఆ పోరాటం గురించి పుస్తకాలు లేక కాదు. వాటిలో ఈ ఆడవాళ్ల గొంతు ఇలా వినపడలేదు. ఆ పుస్తకాన్ని నేను తరగతికి పట్టుకెళ్లి గట్టిగా చదివినప్పుడు, వెనక బెంచీలో ఎప్పుడూ తల వాల్చుకుని కూర్చునే పిల్లవాడు తలెత్తి, "మా అవ్వ గూడ గిట్లనే చెప్తది సార్" అన్నాడు. అవ్వను అడిగి రాసుకురమ్మన్నాను. రెండు నోట్‌బుక్కులు నింపుకొచ్చాడు.

ఆ రెండు నోట్‌బుక్కులూ తెలుగులో ఉన్నాయి. తెలుగులో ఉన్నాయి కాబట్టే అవి ఎవరి దగ్గరికీ చేరలేదు. ఇది ఇంకో గాయం. 1918లో ఉస్మానియా మొదలైనప్పుడు పాఠాలు ఉర్దూలో. దానికోసం ముందే అనువాద శాఖను పెట్టి, శాస్త్రాలన్నీ ఉర్దూలోకి తెప్పించారు. 1968లో మన తెలుగు అకాడమీ అదే ఆశతో పుట్టింది, పాఠ్యపుస్తకాలు వేసింది. ఆ పుస్తకాలు చదివే నేను పాఠం చెప్పగలిగాను. కానీ ఒక పల్లెటూరి పిల్ల చేతికిచ్చి, "ఇది చదువుకుని మీ ఊరి గురించి రాయమ్మా" అనగలిగిన పుస్తకం కోసం వెతికి వెతికి అలసిపోయాను. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో చదువంతా ఇంగ్లీషు మీడియమన్నారు. ఇంగ్లీషు రావాలి, నేను కాదనను. అయితే ఆ బీడీల తల్లి చెప్పింది తెలుగులో. విన్న పిల్ల తెలుగులో విన్నది. రాసేటప్పుడు మాత్రం రాని భాషలో రాయమంటే, విన్నదాంట్లో వచ్చిన నాలుగు ముక్కలే రాస్తుంది, మిగతాది మింగేస్తుంది. ఆ మింగినదాంట్లోనే అసలు సంగతి ఉంటుంది.

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చట అనుకోకండి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజున ఇంటింటి సర్వే జరిగింది. 2024 నవంబరులో కులగణన మొదలైతే టీచర్లూ ఉద్యోగులూ గడపగడపా ఎక్కారు. 2027 జనగణనలో కులం కూడా నమోదు చేయాలని కేంద్రం నిర్ణయించింది. ఎవరికి ఇల్లు, ఎవరికి పింఛను, ఎవరికి ఎంత వాటా అన్నది ఆ గడుల్లో పడే మాటల మీదే ఆధారపడుతుంది. ఆ గడిలో రాసే చెయ్యి మా క్లాసులోంచి వచ్చిన చెయ్యే. కౌలురైతును రైతని రాస్తుందో లేదో, బీడీలు చుట్టే తల్లిని పనిచేసే మనిషి అని రాస్తుందో లేదో, అంతా మేం నేర్పినదాని మీదే ఉంది. ఏమీ నేర్పకుండా పంపి, తర్వాత లెక్కలు తప్పాయని టీవీల్లో వాదించుకుంటున్నాం.

అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ల్యాబులు వద్దు, యంత్రాలు వద్దు. బీఏ మూడేళ్లలో ఒక్క టర్ము, వారానికి ఒక్క పూట టైంటేబుల్లో "ఊరు" అని రాయండి. పాతికమందికి ఒక టీచరు, ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్కు. తిరిగొచ్చాక ప్రతి పేజీ మీదా టీచరు పెన్సిలు పడాలి. ఆ దిద్దే గంటల్ని పనిగంటలుగా లెక్కకట్టండి. ఎందుకంటే ఇప్పుడు దిద్దినవాడికీ దిద్దనివాడికీ జీతం ఒకటే. పిల్లలు తెలుగులో రాస్తే తెలుగులోనే మార్కులు వేయండి. ప్రతి కాలేజీ లైబ్రరీలో ఆ నోట్‌బుక్కులకు ఒక బీరువా కేటాయించండి. పత్రికలవాళ్లు వాటిలోంచి నెలకొకటి అచ్చువేయండి. మా అమ్మాయి ఆర్ట్స్ గ్రూపు తీసుకుందని సిగ్గుపడుతున్న తల్లిదండ్రులు, ఆ అమ్మాయిని ఒక్కసారి మీ అమ్మ దగ్గర కూర్చోబెట్టి, "నిన్న పొద్దుట్నుంచి ఏం చేశావు నానమ్మా" అని అడగనివ్వండి. రాసిందేమిటో చదవండి.

నా దగ్గర అలాంటివి నూట పద్దెనిమిది నోట్‌బుక్కులున్నాయి. రిటైరైనప్పుడు కాలేజీవాళ్లు, బీరువాలు ఖాళీ లేవు, తీసుకెళ్లమన్నారు. ఇంట్లో అట్టపెట్టెల్లో పెట్టాను. ఏ లైబ్రరీ అయినా జాగా ఇస్తే నేనే మోసుకొచ్చి ఇస్తాను.